ఎర్రమట్టితో వచ్చిన చుట్టం

అచ్చాయమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. కొత్తది ఏది కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చుకోందే అన్నం సయించదు. ఆ జబ్బే చివరికి ఆమె గరిటెకు ఎసరు పెట్టింది.

పుట్టిల్లు చింతలపూడి వైపు మెట్ట. ఉంగుటూరు దగ్గర మాగాణి ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు, బడిలో మధ్యాహ్న భోజనం వండబట్టి పద్నాలుగేళ్ళు. భర్త పోయాక ఆ పొయ్యే ఆధారం, ఆ పిల్లల సందడే లోకం.

బడి ఆవరణ పల్లమని మెట్ట నుంచి టిప్పర్లతో ఎర్రమట్టి తోలించారు. సర్దుతుంటే అందులోంచి మూరెడు పాము బయటపడింది. ఇటుక రంగు, లావుపాటి ఒళ్ళు, తోక కూడా తలలాగే మొండిగా ఉంది.

“రెండు తలల పాము. నాకిందంటే కుష్టే,” అంది వెంకటనరసమ్మ. పెద్ద రైతు ఇల్లాలు కదా, ఆవిడ మాటకు ఊరు తలూపుతుంది. ఎవరో పార ఎత్తారు. అంతలో అచ్చాయమ్మ వంగి పామును ఉత్త చేత్తో తీసుకుంది. అది తల ముడుచుకుని తోక చూపించింది, కాసేపటికి నాలుక చాపి ఆమె మణికట్టు తడిమింది. అందరూ చూశారు.

మాగాణి చెమ్మ దానికి పడదని ఆమెకు తెలుసు. తిరిగి వెళ్ళే టిప్పర్ ఎక్కి, మట్టి తవ్విన చోటే వదిలి వచ్చింది.

మర్నాడు సగం మంది పిల్లలు క్యారియర్లు తెచ్చుకున్నారు. మూడో రోజుకు కంచం పట్టినవాళ్ళు పదకొండు మంది. హెడ్‌మిస్ట్రెస్ స్నేహలత తలొంచుకుని, “రేపూ ఇంతేనైతే వేరే మనిషిని చూడక తప్పదండీ,” అంది. అచ్చాయమ్మకు ఏడుపొచ్చింది. మిగిలిన అన్నం పారబోయడానికి చేతులు రాలేదు.

నాలుగో రోజు వెంకటనరసమ్మ స్వయంగా వంటశాలకు వచ్చింది. చెప్పకేం, ఆవిడకూ ఆరా ఎక్కువే.

“ఏదీ, ఆ చెయ్యి చూపించు. నిజంగా రెండు తలలేనా దానికి?”

“ఒకటేనండీ. కొడతారేమోనని తల దాచుకుని తోక చూపిస్తుందండీ, పిచ్చిది. విషం లేదు, కోరా లేదు. ఇసక నేలలో ఎలకల్ని తిని బతుకుద్దండీ. మీ నల్లమట్టిలో ఉండదు కాబట్టి మీరెరగరు.”

“మరి నాకింది కదా?”

“ఇది మొదటిసారి కాదండీ. ఏడేళ్ళప్పుడు ఇదేంటో తేల్చుకుందామని మా పొగాకు చేలో ఒకదాన్ని పట్టుకున్నాను, అప్పట్నుంచీ వీటితోనే ఆడుకునేదాన్ని. ఎన్నిసార్లు నాకాయో. ఇందుజమ్మ ఒకటో తరగతి నుంచీ తింటున్నది ఈ చేతి వంటేనండీ.”

ఇందుజ ఆవిడ మనవరాలు. వెంకటనరసమ్మ ఆ చేతిని వెలుతురుకు తిప్పి, వేలు వేలూ చూసింది. బయట క్యారియర్ల పిల్లలూ, తల్లులూ గుమ్మం దగ్గర మూగి ఉన్నారు. ఆవిడ వాళ్ళవైపు తిరిగి, అందరికీ కనబడేలా తన అరచెయ్యి చాపింది.

“కాస్త పులుసు పొయ్యవే, ఉప్పు చూస్తాను.”