వైరస్ ముక్కలకు పసుపు బొట్లు

మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు మా ఆయన చేత బొట్టు పెట్టించుకోవాల్సిందే. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో మా వీధికంతా అలవాటే, దాన్ని నేనేమీ అనను. ఈయన డిష్‌వాషర్‌కి కూడా బొట్టు పెట్టారు. ఆఫీసు నుంచి వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌కి సరిగ్గా కెమెరా మీదే పెట్టి, మీటింగంతా ఎర్రటి మబ్బులా కూర్చున్నారు.

నేను వైరస్‌ల మీద పనిచేస్తాను. మందులు రాసే డాక్టర్ని కానని పార్టీల్లో చెప్పీ చెప్పీ అలిసిపోయాను. అయినా ఎవరో ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని వచ్చి బీపీ మాత్ర గురించి అడుగుతూనే ఉంటారు. కణంలోకి దూరిన వైరస్ తన పెంకును ఎలా కట్టుకుంటుందో చూడటమే నా పని. వైరస్ తనంతట తాను ఏమీ తయారుచేసుకోలేదు. పిలవకుండా వచ్చిన చుట్టం మన పొయ్యి మీద, మన పప్పుతో, మన చేతే వంట చేయించుకున్నట్టు, కణం చేతే తన పెంకు ముక్కలు కుప్పలుగా చేయించుకుంటుంది. అసలు విచిత్రం ఆ తరువాత. ఆ ముక్కలను కూర్చడానికి మేస్త్రీ అంటూ ఎవరూ ఉండరు. అవి అటూ ఇటూ కొట్టుకుంటూ, అంచుకు అంచు కుదిరిన చోట అతుక్కుంటాయి, కుదరకపోతే ఊడిపోతాయి. అలా అతుక్కుంటూ ఊడుతూ చివరికి చక్కటి పెంకు అవుతాయి, లోపల వైరస్ జన్యువు భద్రంగా ఉంటుంది. ఇన్నేళ్లయినా ఇది తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

మా పాప నాలుగో తరగతి. ఇంట్లో వసపిట్ట, కొత్తవాళ్ల ముందు మాత్రం నోరు తెరవదు. "చాలా తెలివైన పిల్ల, కానీ..." అని టీచర్ ఆగినప్పుడల్లా ఆ మిగతా మాట నేనే పూరించుకునేదాన్ని. పెద్దయ్యాక ఈ దేశంలో ఎలా నెగ్గుకొస్తుందా అని నేనూ మా ఆయనా అనుకోని రోజు లేదు. సైన్స్ ఫెయిర్‌లో జడ్జి ముందు నిలబడాలని తెలిసినప్పటి నుంచి అది సరిగ్గా అన్నం తినడం మానేసింది.

అలాంటి సమయంలో నేను ల్యాబ్ నుంచి ఒక సీసా తెచ్చాను. అందులో అయిదు అంచుల ప్లాస్టిక్ ముక్కలు, ప్రతి అంచులోనూ చిన్న అయస్కాంతం. మూతపెట్టి ఊపితే ముక్కలన్నీ వాటంతటవే కలిసి బంతి అయిపోతాయి. వైరస్ పెంకుకు అది నమూనా.

"మమ్మీ, ఇది జస్ట్ షేక్ చేస్తే చాలా? నేనేం మాట్లాడక్కర్లేదా?" అని అడిగింది పాప.

అక్కర్లేదన్నాను. దాని మొహం వెలిగిపోయింది. ప్రతి ముక్క మీదా కళ్లూ మూతీ గీసుకుంది. రోజూ స్కూలు నుంచి రాగానే ఊపి చూసుకునేది, ప్రతిసారీ బంతి అయ్యేది.

ఫెయిర్ రోజు స్కూలు జిమ్ హాల్లో జడ్జి మా బల్ల దగ్గరకు వచ్చింది. తెల్లజుట్టు, మెడలో కళ్లజోడు, నెమ్మదస్తురాలు. ఏదీ చూపించమంది. పాప సీసా ఊపింది. గలగలమంది తప్ప ఒక్క ముక్క కూడా అతుక్కోలేదు. గట్టిగా ఊపింది. ఇంకా గలగల. నేను వంగి చూస్తే సీసా అడుగున బియ్యం గింజలు!

"ఏమండీ, ముక్కలకి ఏం చేశారు?" అన్నాను పళ్లు బిగబట్టి.

మా ఆయన ఫోన్‌లో వీడియో తీస్తూనే, "పొద్దున్నే పూజ చేశా. కాస్త పసుపు ముద్ద, కుంకం, నాలుగు అక్షింతలు. దాని డ్రాయింగ్స్ పాడవకూడదని చాలా కేర్‌ఫుల్‌గా ఓన్లీ అంచులకే పెట్టా," అన్నారు.

అంచులకే! ఇల్లంతా వదిలేసి తాళం రంధ్రంలో సున్నం కొట్టినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో పాప కింది పెదవి వణకడం చూసి కోపం కాస్తా భయమైపోయింది. ఇక ఈ పిల్ల జన్మలో ఎవరి ముందూ నిలబడదు అనుకున్నాను. సర్దిచెప్పబోయాను కానీ జడ్జి నావైపు చూడలేదు. ఎందుకు అతుక్కోవడం లేదంటావు అని పాపనే అడిగింది.

 పాప మూత తీసి, ఒక ముక్క పట్టుకుని అంచును గోటితో గీకింది. పసుపులో కూరుకుపోయిన బియ్యం గింజ ఊడి బల్ల మీద పడింది.

"ఇది మధ్యలో ఉంది. అందుకే పట్టుకోలేకపోతున్నాయి," అని ఇంగ్లీషులో గొణిగింది. ఆ తరువాత తలెత్తి, "నిజం వైరస్‌కి కూడా అంచుల్లో ఇలా ఏదైనా పెట్టేస్తే? ముక్కలన్నీ ఉంటాయి, కానీ వైరస్ అవ్వదు. ఇంకో సెల్‌లోకి పోలేదు," అంది.

 మా ల్యాబ్‌లో ఇంతమందిమి తెల్లకోట్లు వేసుకుని వెతుకుతున్నది ఆ మందునే, ముక్కల అతుకుల్లో దూరి పెంకును చెడగొట్టే మందును. ఆ సంగతి నేను దానికెప్పుడూ చెప్పలేదు.

"మరి ఈ పచ్చటిది ఏమిటి?" అంది జడ్జి.

"మా డాడీ!" అంది పాప, జిమ్ అంతా వినబడేలా.

చుట్టుపక్కల బల్లల వాళ్లందరూ నవ్వారు. మా ఆయన ఏదో సన్మానం జరుగుతున్నట్టు చెయ్యెత్తి ఊపారు.

బహుమతి నిమ్మకాయతో బల్బు వెలిగించిన పిల్లాడికి వచ్చింది. కారెక్కగానే పాప ముక్కలు ఎలా అతుక్కుంటాయో వాళ్ల నాన్నకు చెప్పడం మొదలుపెట్టింది. మా ఆయన మధ్యలోనే అందుకుని, "ఒప్పుకో, పూజ వర్కవుట్ అయిందా లేదా? పసుపు వైరస్‌ని ఆపేసింది. మన వాట్సాప్ గ్రూప్‌లో పెడతా," అన్నారు.

"పెట్టారంటే ఊరుకోను! ఆపింది పసుపు కాదు, అంచుల్లో అడ్డం పడటం. అసలు కణం లోపల..." అని నేను మొదలుపెట్టానో లేదో వెనక సీట్లోంచి గట్టిగా వినిపించింది.

"మమ్మీ, స్టాప్! నేను చెప్తున్నా కదా. నన్ను ఫినిష్ చెయ్యనివ్వు."

 కారు గరాజ్‌లో ఆగింది. మా ఆయన ఇంజిన్ ఆపి వెనక్కి తిరిగి కూర్చున్నారు. పాప ఇంకా చెబుతూనే ఉంది, మేమిద్దరం దిగలేదు.