తెల్ల కాగితం మీద తెల్ల గీత

తలుపుకు పాలిష్ పెట్టేవాడు అందరికంటే చివర వస్తాడు కాబట్టి అందరి తప్పులూ వాడి నెత్తికే చుట్టుకుంటాయి. సూరత్ పాండేసరలో తలుపులు చేసే కార్ఖానా ఒకటుంది. అందులో పద్నాలుగేళ్లుగా ఆ చివరి మనిషిని నేనే, వెంకటయ్యను. వడ్రంగి వదిలిన సందు, మిషన్ లేపిన పెచ్చు, అన్నిటినీ లప్పంతో పూడ్చేది నేనే. వాటిలో నన్ను బాగా ఉడికించింది ఒక బొక్క. ప్రతి తలుపుకూ ఎడమవైపు కింది మూలలో, చెక్కిన ఆకుల నడుమ ఉండేది. మొదట్లో సూదిమొన అంత. ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదవుతూ వచ్చింది. చెక్కను తొలిచే బిట్టు అరిగినా మార్చడం లేదని మిషన్ నడిపే రాజమల్లును తిట్టేవాణ్ణి.

డిజైన్లు గీసేది వరప్రసాద్. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చాడు. వరప్రసాద్ కంప్యూటర్‌లో ఏ గీత గీస్తే ఆ గీత వెంటే మిషన్ చెక్కను చెక్కుకుంటూ పోయేది. పది మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. బొక్క సంగతి అడిగితే, పని అయిపోయాక మిషన్ కొలత మొదలయ్యే సున్నా చోటు సరిచూసుకుంటుంది కాకా, చూసుకోనీ, అన్నాడు. అది మాకూ కనిపించేదే. చెక్కుడంతా అయ్యాక బిట్టు పైకి లేచి, ఆ మూలకు పోయి, ఒక్కసారి దిగి లేచేది. టక్ మని ఒక చప్పుడు. మేం చదువుకున్నవాళ్లం కాదు కనుక నమ్మేశాం.

రెండేళ్ల కింద వరప్రసాద్ గుండె ఆగి పోయాడు. ఆ కుర్చీలో అతని భార్య సంధ్యారాణి కూర్చుంది. ఇంట్లో పక్కన కూర్చుని నేర్చుకున్న పని, మొగుడికి ఏమీ తీసిపోదు. పాత ఆల్బం చూపిస్తే గిరాకీలు ఏదో ఒక డిజైను ఎంచుకునేవారు, ఆమె కొలతలు సరిచేసి మిషన్‌కు పంపేది. గీసినవాడు పోయాడు గానీ చప్పుడు పోలేదు. రాజమల్లుకు భయం పట్టుకుంది. వరప్రసాదన్న ఎక్కడికీ పోలేదని, తలుపు తట్టి పోతున్నాడని అందరికీ చెప్పి, మంగళవారం మంగళవారం మిషన్‌కు నిమ్మకాయ కట్టడం మొదలుపెట్టాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వేవాణ్ణే గానీ, ఆ చప్పుడు అయ్యేదాకా నా చెయ్యి కూడా కదిలేది కాదు.

సంధ్యారాణి మాత్రం ఎంత పనిలో ఉన్నా ఆఖరి నిమిషానికి లేచొచ్చి మిషన్ పక్కన నిలబడేది. చప్పుడు విని మళ్లీ వెళ్లి కూర్చునేది. ఎందుకని ఎవరమూ అడగలేదు.

ఈ వానాకాలంలో వేసు అనే పేట నుంచి ఒక పూజగది తలుపు తిరిగొచ్చింది. నా లప్పం ఎండి రాలి, బొక్క బయటపడింది. మా షేఠ్ రోహిత్‌భాయ్ మంచివాడే, సరుకు తిరిగొస్తే మాత్రం మనిషి కాడు. పాత సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లిందని మూడు కొత్తవి ట్రయల్‌కు ఎక్కించాడు. వాటిలో ఏది కావాలో శనివారంలోగా సంధ్యారాణి తేల్చాలన్నాడు. ఏది తెచ్చినా బొక్క కనబడకూడదు, కనబడితే డిజైన్లు బయట గీయించుకుంటానన్నాడు. అంటే ఆమె కుర్చీ పోయినట్టే.

మొదటిదానిలో బొమ్మ ముచ్చటగా కనిపించింది గానీ, మిషన్‌కు పంపితే ఒక్కో వంపూ వెయ్యి ముక్కలైంది, బిట్టు నత్తి వచ్చినట్టు నడిచింది. రెండోది షేఠ్‌కు తెగ నచ్చింది. ఒక బటన్ నొక్కితే తెగిన గీతలు కలిపేస్తుంది, ఒకదానిమీద ఒకటి పడ్డవి తీసేస్తుంది, చిన్నాచితకా చెత్తంతా ఊడ్చేస్తుంది. దానితో ఒక తలుపు చెక్కించారు. సంధ్యారాణి అలవాటుగా వచ్చి నిలబడింది. చెక్కుడు అయిపోయింది. బిట్టు లేచి తిన్నగా తన చోటికి పోయి ఆగింది. రాజమల్లు చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె ఇంకా కాసేపు అక్కడే ఉండి, తర్వాత వెళ్లింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు.

ఆ బటన్ తీసేసింది ఏమిటో చూడాలని బటన్ నొక్కకముందటి ఫైలును మూడోదానిలో తెరిచింది. అది మొద్దుది, నిదానం. అయితే తెర మీది కాగితంలో ఉన్న ప్రతి గీతనూ పక్కన వరసగా పేరుతో, కొలతతో రాసి చూపిస్తుంది. కాసేపటికి నన్ను పిలిచింది.

"కాకా, జర ఇటు రా. గిది జూడు."

కింది మూలలో ఒక గీత ఉంది. తెల్ల కాగితం మీద తెల్ల గీత, అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ కనబడలేదు. మిషన్‌కు రంగుతో పనిలేదు, గీత ఉంటే చెక్కుతుంది. ఆమె దానికి ఎర్ర రంగు వేసి పెంచింది. తెర నిండేదాకా పెంచింది. ఐదు వేళ్లు, మడమ, అరికాలి వంపు. పసిపిల్ల పాదం.

వాళ్లకు పిల్లలు లేరని మాత్రమే మాకు తెలుసు. ఒక ఆడపిల్ల పుట్టి పదకొండో రోజు పోయిందని అప్పుడు చెప్పింది. పుట్టగానే ఆసుపత్రిలో కాలికి సిరా పూసి కాగితం మీద అచ్చు తీశారట. పాతిపెట్టి వచ్చాక ఆ కాగితం ఏదని అడిగితే, ఎక్కడో పోయిందన్నాడట వరప్రసాద్. ఆ తర్వాత పిల్ల మాట ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

వరసలో ఆ గీత ఎదురుగా ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేరు ఆమే చదివింది, కోమలి అని.

"ఇరవై ఒకటో రోజు పేరు పెడదామనుకున్నం," అంది. "పెట్టిండు కాకా. నాకు చెప్పకుంట పెట్టిండు."

ఆమె ఏడవలేదు. నాకే కళ్లు నిండాయి. తర్వాత ఏడాది ఏడాదికీ ఒక ఫైలు తెరుస్తూ పోయింది. అన్నిటిలోనూ కోమలి ఉంది. మొదటి ఏడాది పాదం పొడవు సున్నా పాయింట్ రెండు మిల్లీమీటర్లు, చెక్క మీద సూదిమొన బొక్కే. మరుసటేడు సున్నా పాయింట్ మూడు. ఆ పై ఏడాది సున్నా పాయింట్ నాలుగు. వరప్రసాద్ పోయిన ఏడాది ఒకటి పాయింట్ మూడు. ఆ లెక్క నా బొటనవేలికి ముందే తెలుసు. ఏటేటా కొంచెం ఎక్కువ లప్పం పెడుతూ వచ్చింది నేనే కదా. బిట్టు అరగలేదు, పిల్ల ఎదిగింది.

శనివారం షేఠ్ ముందు మూడోదే కావాలంది. ఆ మొద్దుదానితో ఏం సుఖమని ఆయన కోప్పడ్డాడు. రెండోది చెప్పకుండా తీసేస్తుంది భాయ్, ఇవాళ బొక్క తీసింది, రేపు గణపతి కన్ను చిన్నదిగా ఉందని తీసేస్తే గిరాకీకి ఏం చెబుతారు, అని హిందీలో నిదానంగా అడిగింది. దేవుడి కన్ను మాట వినగానే షేఠ్ మూడోదానికే ఒప్పుకున్నాడు. బొక్క ఇక ఏ గిరాకీకీ కనబడదని ఆమె మాట ఇచ్చింది.

ఇచ్చిన మాట తప్పలేదు. పాదాన్ని మూల నుంచి జరిపి, ఇత్తడి పిడి కింద వచ్చే ప్లేటు చోట పెట్టింది. పిడి బిగిస్తే ఎవరికీ కనబడదు, తలుపు తీసేవాళ్ల చెయ్యి మాత్రం రోజూ దాని మీదే పడుతుంది. నేను వెనకే నిలబడి ఉన్నాను. కొలత దగ్గర ఆమె వేలు ఆగింది.

"రెండేండ్ల సంది పిల్ల ఎదగలే కాకా," అంది. ఒకటి పాయింట్ మూడు కొట్టేసి ఒకటి పాయింట్ అయిదు అని రాసింది.

మిషన్ చెక్కుడు ముగించి, బిట్టు లేపి, పిడి చోటికి పోయి దిగింది. రాజమల్లు నిమ్మకాయ కోసం జేబు తడుముకున్నాడు. వద్దన్నాను. ఆ తలుపు నా దగ్గరికి వచ్చినప్పుడు లప్పం డబ్బా మూత తీయలేదు.

ఎవరివో తప్పులు పూడ్చడమే నా పని అనుకుని బతికాను. వేసులో, అడాజణ్‌లో, కతార్‌గామ్‌లో ఎన్ని ఇళ్లకు ఆ తలుపులు పోయాయో నాకు గుర్తు లేదు. పద్నాలుగేళ్లు, నోటినిండా తిడుతూ, ఈ బొటనవేలితోనే ఆ పాదం మీద లప్పం అదిమాను. ఇప్పుడు దారిలో చెక్కిన తలుపు ఏది కనబడినా కాళ్లు ఆగిపోతున్నాయి. ఎడమవైపు కింది మూలలో నా లప్పం గీకి తీసేయాలనిపిస్తుంది.