ఒక్క డబ్బాలో రెండు కంపెనీలు

సిరిసిల్లలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే వేణు, తననెవరైనా పొగిడితే ఊరుకోడు. "నా తెలివి సంగతి కోరుట్లకు పోయి అడుగుండ్రి," అంటాడు. వాళ్లు పోయేదాకా ఆగలేక తానే మొత్తం చెప్పేస్తాడు.

అది మేనకోడలి పెళ్లి. వీడియో జగిత్యాల పెద్ద స్టూడియోకు ఇద్దామన్నాడు బావ ప్రకాశ్. అక్క హేమలత ససేమిరా అంది. తమ్ముడుండగా పరాయివాళ్లెందుకని పట్టుబట్టి నెగ్గింది. కోరుట్లలో రిసెప్షన్ నాడు పెద్ద తెర మీద ఆ వీడియో పడాలి. పడకపోతే పోయేది వేణు పరువు కాదు, అది ఎప్పుడో పోయింది. మొగుడి ముందు అక్క మాట పోతుంది.

ఎడిటింగ్ అయిపోయింది, వీడియోను ఒక్క ఫైలుగా బయటికి తీయడమే మిగిలింది. పాత కంప్యూటర్ది నత్తనడక. కుదురుగా కూర్చుంటే వేణు ఎందుకవుతాడు? జగిత్యాలకు పోయి ఇంకో గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. లోపలున్నది ఒక కంపెనీది, తెచ్చింది ఇంకో కంపెనీది. రెండూ ఒక్క డబ్బాలో పెడితే వాటిని నడిపే సాఫ్ట్‌వేర్లకు, అంటే డ్రైవర్లకు, పడదని అమ్మినవాడే చెప్పాడు. రెండెడ్లను కడితే బండి ఉరుకుతుందని మన మేధావి లెక్క.

ఉరికింది, కాసేపు. ఆ తర్వాత తెర నల్లబడింది. మళ్లీ వేస్తే మళ్లీ నల్లబడింది. కొత్త కార్డు పీకేసినా దాని డ్రైవర్లు లోపల తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. చిర్రెత్తి డిస్కంతా చెరిపి విండోస్ కొత్తగా ఎక్కించాడు. ఎడిటింగ్ చేసింది కూడా ఆ డిస్కులోనే ఉందని చెరిపాక గుర్తొచ్చింది.

ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. వేణు పుట్టిందే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో. రెండు మిల్లుల నూలు మగ్గం మీది ఒక్క బీముకు ఎక్కిస్తే బట్టకు చారలు పడతాయని తండ్రి భూమయ్య అన్నం ముద్దతో పాటు తినిపించాడు. తిన్నదంతా ఎటు పోయిందో!

కెమెరాలో తీసిన వీడియో మాత్రం కోతపెట్టకుండా అలాగే మిగిలింది. మళ్లీ ఎడిటింగ్ చేసే టైం లేదు. దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కోరుట్ల బస్సెక్కాడు. జరిగిందంతా అక్క చెవిలో చెప్పాడు.

తెర మీద తలంబ్రాలయ్యాయి. తర్వాత హేమలతే కనిపించింది. కెమెరా నడుస్తోందని తెలియక పందిట్లో మొగుడితో అంటోంది: "మా తమ్మునికి ఇచ్చినంక మీకు ఫికర్ ఎందుకు? మీ స్టూడియోవోళ్లు వాని కాలిగోటికి సరిపోరు."

హాలంతా గొల్లున నవ్వింది. వేణు తల దించుకున్నాడు. నలుగురిలో అక్కను తానే నవ్వులపాలు చేశాడు, ఇక ఈ జన్మలో ఆమె తనతో మాట్లాడదనుకున్నాడు.

బావ నోరు తెరవబోయేసరికి హేమలత లేచింది. "నేను గట్లనే అన్న. ఇప్పుడు గూడ గదే అంట," అని పోయి, పళ్లెం నిండా వడ్డించుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. వేణుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తినురా," అంది. "కాని కోడికూర, మటన్ ఒక్కతాన కలుపకు."