పాల డబ్బా మీద మా వీధి

నా చిన్నప్పుడు నాకు తెలిసిన కువైట్ అంతా కలిపి ఒక గది, ఒక వంటగట్టు, ఒక కిటికీ. సబా అల్ సలేంలో మూడో అంతస్తు. మా నాయన షుఐబాలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కాగితాల విషయంలో చేతులెత్తేయడంతో మా ముగ్గురికీ అక్కడ ఉండే అనుమతి, ఇఖామా, లేకుండా పోయింది. ఇఖామా లేని పిల్లకు బడి లేదు, వీధి లేదు. అమ్మ ఇళ్లల్లో పనికి పోతూ బయట తాళం వేసేది. ఎవరైనా తలుపు తడితే ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. పట్టుబడితే నాయనను మా నుంచి విడదీస్తారని అమ్మ భయం. ఆ భయం నాకూ ఉండేది గానీ, భయం కన్నా కోపం ఎక్కువ. పుట్టుకతోనే అంత.

ఒక రోజు ఆ కోపం పట్టలేక తలుపును తన్ని తన్ని అరిచాను. కింది అంతస్తు నుంచి ఎవరో వచ్చి చాలాసేపు తలుపు తట్టి వెళ్లారు. సాయంత్రం సంగతి తెలిసి అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. తరువాత నన్ను పట్టుకుని తనే ఏడ్చింది. నేను మాత్రం ఏడవలేదు, మొండిదాన్ని.

మరుసటి రోజు మధ్యాహ్నం పక్కింటి అక్క తాళం తీసి లోపలికి వచ్చింది. మా రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. రాయచోటి మనిషి, మిష్రిఫ్‌లో తను మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో పని. ఆ మామా రేకుల మీద, చెక్కల మీద బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చులు తీసే కళాకారిణి. గది ఊడుస్తూ, సిరా గుడ్డలు ఉతుకుతూ అక్క కూడా ఆ విద్య పట్టేసింది. ఖాళీ పాల అట్టడబ్బాను విప్పి, మెరిసే వైపు పైకి పెట్టి నా ముందు పరిచింది. చేతికి ఒక దబ్బనం ఇచ్చింది.

"అరవాలనిపిస్తే నోటితో వద్దు మే. దీంతో గీకు," అంది.

ఏం గీకను? కిటికీలోంచి కనిపించేదే గీకాను. ఎడమ చేతి వైపు బకాలా, అంటే చిన్న అంగడి. దాని ముందు ఐస్‌క్రీం పెట్టె. కుడి వైపు ఒట్టి గోడ. అక్క ఆ గీతల్లోకి నల్ల సిరా పూసి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి, గరిటె వెనక వైపుతో గట్టిగా రుద్దింది. కాగితం లేపి చూద్దును కదా, అంగడి కుడి వైపుకు పోయి కూర్చుంది!

నాకు ఒళ్లు మండిపోయింది. అంతా తప్పు పడిందని కాగితాన్ని ఉండ చుట్టబోయాను. అక్క పడీ పడీ నవ్వింది.

"ఏ దేశమోళ్లు తీసినా అచ్చు ఇట్లనే తిరగబడి పడతాది. మా మామా ఇంటికొచ్చే ఫిలిప్పీన్స్ ఆమె, ఈజిప్టు ఆయన, జపాన్ ఆమె, అందరూ మొదట్లో నీ మాదిరే మొత్తుకున్నోళ్లే."

ఆ ఇంట్లో కలిసేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఉన్నది అక్కతో కలిపి తొమ్మిది మంది. ఒక్కొక్కరు ఒకే బొమ్మను తొమ్మిది అచ్చులు తీసి, ఒకటి తమకు ఉంచుకుని, మిగతావి తలా ఒకటి పంచుతారు. ఈసారి అక్కకూ చోటిచ్చారట. తన వంతుకు నా వీధిని ఇస్తానంది. నేను ఎగిరి గంతేశాను, అంతలోనే ఏడుపు అందుకున్నాను. బొమ్మ పోతుంది సరే, నేను పోలేను కదా!

"చెయ్యి ముందు పోనీ మే. కాళ్లు ఎనకాల వస్తాయిలే," అంది.

అమ్మకు తెలిసేసరికి ఎనిమిది అచ్చులు వెళ్లిపోయాయి. అమ్మ శివాలెత్తింది. "నీకేమన్నా మతుందా? ఆ బొమ్మ సూసి ఫలానా బిల్డింగని ఎవురన్నా కనుక్కుంటే మా బతుకేం కావాల?"

అక్క మిగిలిన తొమ్మిదో అచ్చు అమ్మ చేతికిచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది.

"అంగడి యాడుంది వదినా?"

"ఎడం పక్క."

"కాగితంలో?"

అమ్మ కాగితం చూసింది, కిటికీలోంచి చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"ఈ వీధి కువైట్‌లో యాడా లేదు వదినా. ఎవురొచ్చి పట్టుకుంటారు?"

అమ్మ నేల మీద కూలబడి నవ్వింది. నాయన కాగితాలు పోయినప్పటి నుంచి ఆ నవ్వు నేను విననే లేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

వారం తరువాత అక్క వంతు ఎనిమిది అచ్చులు మా గదికి వచ్చాయి. ఫిలిప్పీన్స్ ఆమె పడవ, ఈజిప్టు ఆయన పావురాల గూడు, జపాన్ ఆమె గొడుగు, మామా చెక్కిన పాత మట్టి ఇంటి తలుపు, ఇంకా ఏవేవో. అమ్మ వాటిని తాళం పడే తలుపుకే లోపలి వైపు అంటించింది. ఆ తరువాత నేను ఆ తలుపును తన్నలేదు. బొమ్మలు చిరుగుతాయని.

కొన్ని నెలలకు ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ముగ్గురమూ కలిసే ఊరికి పోవచ్చని తేలింది. వెళ్లే రోజు పట్టపగలు, అందరూ చూస్తుండగా మెట్లు దిగాను. "పో, ఐస్‌క్రీం కొనుక్కో" అని అక్క నా వీపు తట్టింది. నేను గేటు దాటి పరుగెత్తుకుంటూ, అచ్చులో చూసిన అలవాటున కుడి వైపు తిరిగాను. గోడ! ఒట్టి గోడ ముందు నిలబడి తెల్లబోయాను. వెనక నుంచి అమ్మ గొంతు చించుకుని పిలిచింది. "అటు కాదు మే, ఇటు!" అన్నాళ్లలో అమ్మ నన్ను గట్టిగా పిలవడానికి భయపడని మొదటి రోజు అదే.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. సొంత ఇఖామాతో మళ్లీ ఇక్కడే ఉన్నాను. శుక్రవారాలు మన పిల్లలను కూర్చోబెట్టి పాల డబ్బాల మీద అచ్చులు తీయిస్తుంటాను. ప్రతి పిల్లా మొదటి అచ్చు చూసి తప్పు పడిందని మూతి ముడుస్తుంది. నేను నవ్వుతాను. వెళ్లేటప్పుడు మాత్రం అందరినీ ఒక మాట అడుగుతాను, మీ బిల్డింగులో బడికి రాని పిల్ల ఎవరన్నా ఉందా అని. ఎవరో ఒకరు తల దించుకుని ఊపుతారు. నేను ఇంకేమీ అడగను. కడిగి ఆరబెట్టిన డబ్బా ఒకటి, దబ్బనం ఒకటి కవరులో పెట్టి, ఆ పిల్లకిమ్మని వాళ్ల చేతికి ఇస్తాను.