జైతున్ బీ కప్పల కుంట

మారేడ్‌పల్లిలో జైతున్ బీ ఆకుకూరల మడికి బావి ఉంది. నీళ్లకు కొదవ లేదు. అయినా మడి మధ్యలో ఆమె ఇంకో కుంట తవ్వడం మొదలుపెడితే వాడంతా నవ్వింది.

“బావి వెట్టుకొని గీ కుంట ఎందుకక్కా?” అని కంచె అవతలి నుంచి పక్కింటి బాలమ్మ అడిగింది.

“కప్పలకు.”

“కప్పలు నీకు కూలి ఇస్తయా?”

“పురుగుల తింటయి. నువ్వు తింటవా?”

భర్త అబ్బాస్ పోయాక ఆమెకు ఆ మడే తిండి. పురుగులేమో పాలకూరను జల్లెడ చేస్తున్నాయి. అందుకే పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో తొలకరికి ముందే మోకాలి లోతు తవ్వింది. కప్పపిల్లలు ఎక్కి రావడానికి ఒక పక్క ఏటవాలుగా వదిలింది. అడుగున బంకమట్టి పరిచి, తడుపుతూ ఎనిమిది రోజులు తొక్కాలి. లేకపోతే నీళ్లు నిలవవు. నవ్విన బాలమ్మే చీర ఎగదోపి దిగింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని తొక్కారు.

వానలకు కుంట నిండింది. ఎవరో చేపలు వేయబోతే జైతున్ బీ ఒప్పుకోలేదు. చేపలుంటే కప్పగుడ్లు మిగలవు. శ్రావణానికల్లా కప్పలు చేరాయి, తూనీగలు చేరాయి, పిట్టలు నీళ్లకు దిగాయి. పాలకూర చిల్లి లేకుండా పెరిగింది.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు దాచిన తుపాకుల కోసం ఇళ్లల్లో సోదాలు మొదలయ్యాయి. ఎవరు చెప్పారో గానీ, ఒక పొద్దున హవల్దారు ఇద్దరు పోలీసులతో మడిలోకి వచ్చాడు.

“కొత్త గుంత. అడుగున ఏం పాతిపెట్టినవ్?”

“బంకమట్టి, సార్.”

“బావి ఉన్నోళ్లు కుంట తవ్వుతరా? ఎవల్ని పిచ్చోళ్లను చేస్తున్నవ్?”

ఆమె కంచె వైపు చెయ్యి చూపింది. “బాలమ్మను అడుగున్రి. అడుగంత నాతోటే తొక్కింది.”

బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకేం ఎరుక లేదు సార్.”

నీళ్లు తోడి పోశాక గడ్డపారలు దిగాయి. ఎనిమిది రోజుల కష్టం అరగంటలో పెళ్లలుగా లేచిపోయింది. కింద గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. హవల్దారు ఆమె బావి దగ్గరే కాళ్లు కడుక్కొని వెళ్లిపోయాడు. బురదలో కొట్టుకుంటున్న తోకకప్పలను ఆమె దోసిళ్లతో ఎత్తి బిందెలో వేసింది. అందనివి కాకులపాలయ్యాయి.

సాయంత్రం బాలమ్మ వచ్చింది. “భయమైంది అక్కా.”

“నాకు కాలేదా? నిజం చెప్తే నీకు ఒక తిట్టు వడుతుండె. తుపాకి దొరికిందని ఆళ్లే ఒకటి వెడితే నేను జైలుకు పోతుంటి. తొక్కిన కాళ్లకు ఎరుకే, నీ నోటికి ఎరుక లేదా?”

“రేపే మట్టి తెస్తా. మల్ల తొక్కుదాం.”

“నా మడిల కాలు వెట్టకు.”

ఏమీ దొరకకపోయినా వాడ ఊరుకోలేదు. ఆమెకు ‘తుపాకుల బీ’ అని పేరు పెట్టింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. కుంటను పూడ్చలేదు, బాగు చేయలేదు. పగిలిన గుంతను వీధికి కనబడేలా అలాగే ఉంచింది. అడిగినవాళ్లకు “బాలమ్మను అడుగున్రి” అని ఒకటే జవాబు. పురుగులు మళ్లీ పడి సగం కూర పోయినా మొండిపట్టు వదల్లేదు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు కొత్తిమీర కొంటూ వాడలోని తుకారాం పళ్లికిలించాడు. “తుపాకుల బీ, గీ కట్టల తూటాలు గిట లేవు కదా?”

కంచె అవతల బాలమ్మ చేట కింద పెట్టింది. “నోరు ముయ్, తుకారాం. గా అడుగు తొక్కింది నేను. మట్టి తప్ప ఏం లేకుండె. ఆ దినం అబద్ధం చెప్పిన.”

జైతున్ బీ తల తిప్పలేదు. “గీనికి చెప్తే ఏం ఫాయిదా? ఠాణాల చెప్పు పో.”

బాలమ్మ నిజంగానే వెళ్లింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కంచె దగ్గర నిలబడింది.

“చెప్పినవా?”

“చెప్పిన. ఆ హవల్దారు బదిలీ అయిండట. కొత్తాయన విని నవ్విండు. కప్పల పంచాయితీ ఠాణాకు తెస్తరా, ఇంటికి పో అన్నడు.”

జైతున్ బీ ఒళ్లంతా కారం చల్లినట్టు మండింది. ఈసారి ఆ మంట బాలమ్మ మీద కాదు. చేతిలోని కొడవలి మడిలో పడేసి చెప్పులు తొడుక్కుంది.

“నవ్విండా? నడువ్. నా ముంగట నవ్వుమను.”