అవ్వ పాటకు గట్టిమేళం

మా ఇంటికి పియానో వచ్చిన రోజు రావల్‌కోల్‌లో సగం ఊరు దాన్ని చూడడానికి వచ్చింది. అసలు చెక్క పియానో కాదు, కరెంటుతో పనిచేసేదే. అత్వెల్లి రోడ్డు పక్కన మాకున్న చెలక ప్లాట్లుగా మారిన కొత్తలో బాపు సికింద్రాబాద్ నుంచి వ్యాన్‌లో తెప్పించాడు. అంతకుముందు యూరియా బస్తా మీద కూర్చుని పంచాయితీలు చెప్పిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "హార్మోనియం అనుకునేరు. గిది పియానో. మా సిన్నబిడ్డ వాయిస్తది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఒక పెద్దాయన మెట్టు నొక్కి, మోగగానే చెయ్యి వెనక్కి లాక్కుని, "షాక్ గొడ్తదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం మట్టిచేతులతో ముట్టుకున్నాడని ఒళ్లు మండింది. చేతులదేముంది, ఏడాది కిందట మా ఇంట్లో అందరివీ అవే చేతులు.

వాయించడం నాకు మేడ్చల్‌లో చదివిన మిషనరీ బడిలో అబ్బింది. అక్కడ ప్రార్థన గదిలో ఒక పాత పియానో ఉండేది. సంగీతం టీచరమ్మ బడి వదిలాక నన్ను కూర్చోబెట్టుకుని తను ఆదివారాలు చర్చిలో వాయించే పాటలే నేర్పింది. కొన్నేళ్లు వాటినే వాయించాను. ఒకరోజు ఆమె, "ఇవన్నీ మా దేవుడి దగ్గర మేము పాడుకునేవి. మీ ఇంట్లో ఎవరూ పాడరా?" అని అడిగింది. నాకు వెంటనే మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వ అంటే బాపు తల్లి. బాపు చంకలో ఉండగానే తాత పోయాడు. చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లయినా పసుపు దంచే రోజున అవ్వ ఉండాల్సిందే, కానీ రోకలి ముట్టేది కాదు. ముత్తయిదువలు లోపల దంచుతుంటే తను గడప అవతల కూర్చుని సీతమ్మ పెళ్లి పాట పాడేది.

పందిట్లో పాదమ్ము పదిలమే సీతా
పసుపు నీ ఒంటికి పసిడాయె సీతా

ఇలా సాగే పాటకు చివర ఒక చరణం ఉండేది. అందులో సీత పేరు తీసేసి పెళ్లికూతురి పేరు పెట్టి, ఆ పిల్లకు తగిన దీవెన అవ్వ అప్పటికప్పుడు కట్టేది. ఏడుపుగొట్టు పిల్లకు ఒకటి, నోటిదురుసు పిల్లకు ఇంకొకటి. దాన్ని పేరు చరణం అనేవాళ్లు. ఒక్కసారే పాడేది, మళ్లీ పాడమంటే పాడేది కాదు. "పెండ్లంటే రాములోరి పెండ్లే బిడ్డా, మిగిలినయన్ని దానికి నకల్లు" అనేది. ఆ మాట మీద ఆమెకు ఎంత నమ్మకమంటే, ప్రతి పెళ్లికీ రాముడు వచ్చి ఓ పక్కన కూర్చుంటాడని తెగేసి చెప్పేది.

ఆ పాట మీద నేను పియానోకు ఒక బాణీ కట్టాను. ఎడమచేత్తో రోకటి పోటు, కుడిచేత్తో అవ్వ గొంతు. నెలలు పట్టింది. బాపు దాన్ని క్యాసెట్లకెక్కించి బంధువులకు, ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లకు, పార్టీ నాయకులకు కూడా పంచాడు. వాళ్లలో ఎందరు విన్నారో ఆ దేవుడికే తెలియాలి. అడిగినవాళ్లకు నేను "నేనే కట్టిన" అని చెప్పుకునేదాన్ని. పాట అవ్వదని మాత్రం అడిగితే తప్ప చెప్పలేదు.

అవ్వ టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించి అంతా విన్నది.

"పాటున్నది గని మాట లేదేంది బిడ్డా?"

"పియానోకు మాటలుండవ్ అవ్వా."

"అయ్యో, మూగదా పాపం" అంది అవ్వ, నిజంగానే జాలిపడుతూ.

అక్క పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది శామీర్‌పేట దగ్గర. పుస్తె కట్టే వేళ నేను పియానో వాయించాలని బాపు పట్టుబట్టాడు. "మేళం అందరి పెండ్లిల్ల ఉంటది. మనింట్లనే గిది ఉన్నది" అన్నాడు. పెళ్లి చేయించే అయ్యగారు ఒప్పుకోలేదు. "పటేలా, ఆ వేళకు గట్టిమేళం ఎందుకు పెట్టారనుకున్నావు? తుమ్మో, దగ్గో, ఎవరన్నా ఒక చెడ్డమాటో చెవిన పడకూడదని. ఈ సన్నటి చప్పుడు దేన్ని కప్పుతుంది?" అన్నాడు. ఆఖరికి ఒక మధ్యేమార్గం కుదిరింది. మేళంవాళ్లు సిద్ధంగా కూర్చుంటారు. అలాంటిదేదైనా వినబడితే నేను చెయ్యి లేపితే చాలు, అందుకుంటారు.

అక్కకు పసుపు దంచిన రోజున అవ్వ పాటంతా పాడి, పేరు చరణం దగ్గర ఆపేసింది. ఆడవాళ్లు గోల చేస్తే, "పెండ్లినాడు పాడుత. ఆ మూగదానికి తోడిస్త" అంది. ముసలామె సరదాకి అంటున్నదనుకుని నవ్వి ఊరుకున్నాను.

మేడ్చల్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు. మండపం కింద ఎడమపక్కన నా పియానో. అవ్వ మండపం ఛాయలకు రాకుండా ఎక్కడో వెనక, వంటల వైపు తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆమెను అక్కడ ఎవరూ కూర్చోబెట్టలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. అయ్యగారు సైగ చేశాడు. హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. నేను మొదలుపెట్టాను. అంతమంది నా చేతులే చూస్తున్నారని తెలిసి వీపు నిటారుగా పెట్టుకుని వాయించాను.

బావ పుస్తె అందుకుని అక్క మెడ వైపు వంగాడు. అప్పుడు వెనక నుంచి అవ్వ గొంతు లేచింది. ముందు మెల్లగా, తర్వాత గడప అవతల కూర్చుని పాడేటంత గట్టిగా. హాలు నిశ్శబ్దంగా ఉంది కదా, ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెళ్లికొడుకు తల్లి నోటి మీద చెయ్యి వేసుకుని, "పుస్తె గట్టంగ మొగడు లేని మనిషి పాడుడేంది?" అంది. మండపం మీద బాపు తల ఎత్తలేదు. అవ్వ ఇవేవీ పట్టించుకోకుండా పాట చివరికి వచ్చి, గొంతు సవరించుకుని, అక్క పేరెత్తింది.

నేను చెయ్యి లేపాను.

డోళ్లు, సన్నాయిలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. అక్షింతలు లేచాయి. వెనక అవ్వ నోరు కదులుతూనే ఉంది. ఒక్క ముక్క కూడా వినబడలేదు.

భోజనాల దగ్గర బాపు నా నెత్తి మీద చెయ్యి వేసి, "అక్క కాపురం నిలబెట్టినవ్ బిడ్డా" అన్నాడు. పెళ్లికొడుకు తల్లి కూడా నన్ను దగ్గరికి పిలిచి, తెలివిగల పిల్ల అని మెచ్చుకుంది. నేను తల వంచుకుని మర్యాదగా నవ్వాను. ఆ మెప్పు నాకెలా తగులుతుందో వాళ్లకేం తెలుసు? నేను చెయ్యి లేపింది ఆచారానికి భయపడి కాదు, అక్క కోసమూ కాదు. అవ్వ నా శ్రుతికి పైన పాడింది. నా బాణీలో లేని చోట సాగదీసింది. అంతమందిలో నా పాట చెడగొడుతున్నదని నాకు పీకల దాకా కోపం వచ్చింది. అంతే. ఎవరి పాట? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టనే లేదు. ఆ వియ్యపురాలికి కనీసం ఒక మూఢనమ్మకం ఉంది, నాకు అది కూడా లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అప్పగింతలప్పుడు అక్క నన్ను పట్టుకుని, "అవ్వ నా పేరు చరణంల ఏం పాడిందే? మేళంల నాకు వినబడలే" అని అడిగింది.

"నాకూ వినబడలే" అన్నాను. అది నిజమే.

ఇంటికి వచ్చాక అవ్వ నాతో మాట్లాడదని అనుకున్నాను. తిడుతుందేమోనని కూడా ఆశపడ్డాను. అవ్వేమో వాకిట్లో ఆడవాళ్లను పోగేసుకుని మస్తు సంబరంగా చెబుతోంది. "నేను పేరెత్తంగనే నా మనుమరాలు గిట్ల సెయ్యి లేపింది సూడున్రి, మేళమోళ్లందరు నా పాటకు వాయించిన్రు! గడప అవతల పాడేదాని పాటకు గట్టిమేళం! ఎన్నడన్న ఇన్నరా?" అంటూ నా చేతిని తీసుకుని కళ్లకద్దుకుంది. ఆ చెయ్యే. నాకు చెప్పే ధైర్యం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

అప్పటి నుంచి అవ్వ పాట మారిపోయింది. ఎవరింట పసుపు దంచినా చివరికి వచ్చి, పెళ్లికూతురి పేరెత్తి, అక్కడ ఆగి రెండు చేతులతో తొడల మీద డోలు వాయించేది. దీవెన కట్టడం మానేసింది. "మేళమొచ్చినంక ఇగ మాటలెందుకు?" అనేది.

కొన్నేళ్లకు నా పెళ్లి వచ్చింది. ముత్తయిదువలు రోకళ్లు పట్టారు, అవ్వ గడప అవతల కూర్చుంది. అప్పటికి గొంతు బాగా తగ్గింది. పాటంతా పాడింది. చివరకు నా పేరెత్తి, నా వైపు చూసి నవ్వి, వణికే చేతులతో తొడల మీద వాయించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అయిపోయేదాకా నేను తల వంచుకుని కూర్చున్నాను.