అమావాస్య ఫోటోలు

పరిశోధన చేసేవాళ్లు తమ ఫైళ్లన్నీ విశ్వవిద్యాలయం డేటా భండారంలో నమోదు చేయాలి. మౌసుతో నొక్కే పని కాదు. నల్లటి తెరలో కమాండ్ కొట్టి, ఒక్కో ఫైలుకూ మెటాడేటా, అంటే ఎక్కడ కొలిచారు, ఎప్పుడు, ఎవరు అన్న వివరాలు జోడించాలి. ఒక్క కామా తప్పితే కథ మొదటికొస్తుంది. సిద్దిపేటలో నా కిరాయి గదిలో కూర్చుని రెండు రోజులు ఆ తెరతో కొట్లాడాను.

నా పరిశోధన భూగర్భ జలాల మీద. నేను ఎంచుకున్నవాటిలో మిగతావన్నీ బోర్లే. వాటితో పోల్చడానికి బావి ఒక్కటే, నంగునూరు దగ్గర మా పొలంలోది. అక్కడ కొలిచేది మా నాన్న, మా బాపు. రోజూ పొద్దున బావిలోకి టేపు వదిలి, తడిసిన చోటు ఫోటో తీసి నాకు పంపేవాడు. ఒక్క రోజూ తప్పలేదని గైడు ముందు గొప్పలు పోయాను కూడా.

మూడో రోజు తెర మొండికేసింది. "ఈ ఫైలు ఇప్పటికే నమోదైంది" అంది. పేరు వేరు, తేదీ వేరు. మళ్లీ కొట్టాను. అదే మాట. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. మక్కికి మక్కి ఒకటే, టేపు మీద వాలిన ఈగతో సహా. అలాంటివి నెలకొకటి బయటపడ్డాయి. క్యాలెండర్ తీస్తే అన్నీ అమావాస్యలే.

దొంగ కొలత ఒక్కటి దొరికినా ఆ బావినే తీసేస్తామని గైడు ముందే చెప్పారు. బావి పోతే నా థీసిస్‌లో సగం పోతుంది. బాపుకు ఫోన్ చేశాను.

"అమాస నాడు బాయి కాడ పని ఎవలన్న చేస్తరా బిడ్డా?" అన్నాడు, తప్పు నాదే అన్నట్టు. "నువ్వు ఎదురుచూస్తవని నిన్నటిదే పంపిన. ఒక్క దినంల నీళ్లు యాడికి పోతయ్?"

కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ ఫోటోలు పక్కన పెట్టి, ఆ రోజులకు "కొలవలేదు" అని రాశాను. కారణం దగ్గర "అమావాస్య" అని కొట్టాను. తెర కిక్కురుమనకుండా తీసుకుంది. గైడుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. వచ్చే అమావాస్యకు అసలైన కొలత చూపిస్తే బావిని ఉంచుదామన్నారు ఆయన.

బాపు మాత్రం "నేను పోను" అని ఒక్క మాటలో తేల్చేశాడు.

ఆ అమావాస్య పొద్దున నేను దిగాలుగా కూర్చుంటే ఫోటో వచ్చింది. కొత్తదే. టేపు పట్టుకున్న చేతికి గాజులున్నాయి. వెంటనే అవ్వకు, మా అమ్మకు, ఫోన్ చేశాను.

"ఎట్ల పోయినవ్ అవ్వా? ఇయ్యాల అమాస గదా."

"అమాస మీ బాపుకు. పాలు పిండుడు, పెండ తీసుడు, పొయ్యి ముట్టిచ్చుడు నాకు ఏ అమాస నాడు ఆగినయ్ బిడ్డా?"

"కొలిచినవారు" దగ్గర అలవాటుగా బాపు పేరు కొట్టబోయి, ఆగి, అవ్వ పేరు కొట్టాను. ఇన్నాళ్ల నా ఫైళ్లలో ఆ పేరు ఎక్కడా లేదు. సిగ్గేసింది.